వార్షిక నివేదిక 2025 – సభ్యులందరికీ, మీటింగ్‌కి రానివాళ్లకి కూడా

అందరికీ నమస్కారం. జర్మనీలో రిజిస్టర్ అయిన తెలుగు సంఘం కాబట్టి ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టాలి, పెట్టాక కార్యదర్శి నివేదిక చదవాలి. అదే ఇది. పోయినసారి మరీ పొడిపొడిగా ఉందన్నారు కాబట్టి ఈసారి పొడుగైతే నన్నేమీ అనొద్దు. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, ఆ పేరా వదిలేస్తున్నాను.

పండగల సంగతి గబగబా చెప్పేస్తాను. ఉగాది మార్చి 30, కలిసొచ్చి ఆదివారమే పడింది, హాలు నిండింది. వేపపువ్వు హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన పెద్దమ్మగారికి సంఘం తరఫున దండం. బతుకమ్మకి ఇక్కడ తంగేడు దొరకదు కదా, రైలు పట్టాల పక్కన పసుపుపచ్చగా విరగబూసే గోల్డ్‌రూటే పూలు కోసుకొచ్చి పేర్చారు మన ఆడవాళ్లు, ఫొటో చూసి వరంగల్‌లో మా అమ్మ కూడా తంగేడే అనుకుంది. కార్తీక వనభోజనం చలికి వనంలో కాకుండా హాల్లోనే కానిచ్చాం.

ఇక ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది సెప్టెంబర్ 14 రాత్రి. రీగాలో జరిగిన యూరోబాస్కెట్ (యూరప్ దేశాల బాస్కెట్‌బాల్ కప్పు) ఫైనల్, జర్మనీ-టర్కీ, పెద్ద తెర మీద అందరం కలిసి చూశాం. "తెలుగు సంఘానికి బాస్కెట్‌బాల్ ఏంటండీ, క్రికెట్ పెట్టండి" అని కమిటీలోనే ఇద్దరన్నారు, మినిట్స్‌లో ఉంది, పేర్లు నేను చెప్పను.

అసలు మొదలైంది వినాయక చవితినాడు. టోర్నమెంట్ ఆగస్టు 27న మొదలైంది, ఆరోజే చవితి, ఆరోజే జర్మనీ ఆటగాడు ఫ్రాంజ్ వాగ్నర్‌కి 24 నిండాయి. ఫిన్లాండ్‌లోని టాంపెరెలో జర్మనీ మోంటెనెగ్రోని ఓడించింది. మనం శనివారం 30న హాల్లో చవితి పెట్టుకున్నాం, ఆరోజు లిథువేనియాతో మ్యాచ్. మంగళహారతి అవుతుంటే వెనక వరసలో పిల్లలు ఫోన్ చుట్టూ మూగారు, నేను కోప్పడదామని వెళ్లి నేనూ చూస్తూ ఉండిపోయాను. ఆ మ్యాచ్‌లోనే గ్యాలరీలోంచి డెనిస్ ష్రోడర్‌ని చూసి కోతి అరుపులు అరిచారు. జర్మనీ కెప్టెన్ అతను, తల్లి గాంబియా నుంచి వచ్చింది. గుర్తుపట్టి స్టేడియం నుంచి బయటికి పంపేశారు. సాయంత్రం మా చిన్నది "ఆయన జర్మనే కదా నాన్నా, మరెందుకు?" అనడిగింది. ప్రసాదం పంచాలని చెప్పి తప్పించుకున్నాను.

ఆ తర్వాత గ్రూపులో ఒక్కటీ ఓడలేదు. అదీ చాలావరకు హెడ్ కోచ్ లేకుండా. అలెక్స్ ముంబ్రు ఇన్‌ఫెక్షన్‌తో ఆస్పత్రిలో పడితే అసిస్టెంట్ అలన్ ఇబ్రహిమాగిచ్ జట్టుని నడిపాడు. క్వార్టర్ ఫైనల్లో స్లొవేనియా తరఫున లూకా డోన్చిచ్ ఒక్కడే 39 పాయింట్లు కొట్టినా 99-91తో గట్టెక్కారు. సెమీస్‌లో ఫిన్లాండ్‌ని 98-86తో కొట్టారు. అప్పుడు వాట్సాప్‌లో అడిగాను, ఫైనల్ కలిసి చూద్దామా అని. 31 మంది బొటనవేలు పెట్టారు. కుర్చీలు వేయడానికి వచ్చింది నలుగురు. ఆ నలుగురిలో ఒకాయన వెన్నునొప్పితో.

హాలు పదికల్లా ఖాళీ చేయాలని రూలు. ఎనిమిదికి మొదలైన ఫైనల్లో టర్కీ మొదట్లోనే దూసుకుపోయింది, వాళ్ల షెన్‌గున్‌ని ఎవరూ ఆపలేకపోయారు, 28 పాయింట్లు. ఒక పక్క మన పిన్నిగార్లు పులిహోర పెడుతున్నారు, తినేవాడు లేడు. జర్మనీ ఆటగాడు ఐజాక్ బోంగా కోర్టు మూలనుంచి మూడు పాయింట్ల షాట్లు వేస్తుంటే ఎప్పుడూ బంతి ముట్టని మన కోశాధికారి కూడా లేచి నిలబడ్డారు. బోంగాకి 20 పాయింట్లు, ఫైనల్‌కి ఉత్తమ ఆటగాడూ అతనే. ఆఖరి క్వార్టర్ ఇంకా అవ్వలేదు, పది కావస్తోంది, తాళాల గుత్తి చప్పుడు. హాలు చూసుకునే హౌస్‌మైస్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాకు టెన్షన్. టర్కీ 83, జర్మనీ 82. ఆయన వాచీ చూశాడు, తెర చూశాడు, తాళాలు జేబులో వేసుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్కడినుంచి ఆఖరి ఆరు పాయింట్లూ ష్రోడర్‌వే. 88-83. ఆ హౌస్‌మైస్టర్ పెద్దాయన నా భుజం మీద ఒక్కటి చరిచి, 1993లో మ్యూనిక్‌లో రష్యాని ఒక్క పాయింటు తేడాతో కొట్టినప్పుడు మా నాన్నతో కలిసి చూశాను, మళ్లీ ఇన్నేళ్లకి యూరప్ కప్పు అన్నాడు. రెండు ప్లేట్ల పులిహోర తిన్నాడు. ష్రోడర్ టోర్నమెంట్‌కే ఉత్తమ ఆటగాడు, మర్నాడే అతని పుట్టినరోజు, 32. 2023లో మనీలాలో సెర్బియాని 83-77తో ఓడించి ప్రపంచకప్పు గెలిచినప్పుడూ ఉత్తమ ఆటగాడు అతనే.

సర్దుడు పనిలో అసలు చర్చ మొదలైంది: తర్వాత ఎవరు? తదుపరి ప్రపంచకప్పు 2027లో ఖతార్‌లో. ఫైనల్ రోజుకి ష్రోడర్‌కి 34 నిండడానికి మూడు రోజులు తక్కువ, డానియెల్ టైస్‌కి 35, మావోడో లో అనే ఆటగాడికి 34. ఫ్రాంజ్‌కి ఢోకా లేదు, అప్పటికి 26. మోకాలి దెబ్బతో ఈసారి ఆడలేకపోయిన అన్న మోరిట్జ్ తిరిగొస్తే అన్నదమ్ములిద్దరూ ఉంటారు. బోంగా, ఓబ్స్ట్, ట్రిస్టన్ ద సిల్వా కూడా అప్పటికి ఆడే వయసులో ఉన్నవాళ్లే. ఓక్లహోమా జట్టుతో ఎన్‌బీఏ (అమెరికా లీగు) టైటిల్ గెలిచిన హార్టెన్‌స్టైన్ ఈసారి ఆడలేదు, అతను వస్తాడా రాడా అన్నదాని మీద మన విజయవాడ అన్నకీ గుంటూరు తమ్ముడికీ పెద్ద గొడవ. నన్నడిగితే వస్తాడని లెక్క వేసుకుని జట్టు కట్టకూడదు. స్టైన్‌బాఖ్ అని వూర్జ్‌బుర్గ్ కుర్రాడున్నాడు, జర్మనీ బాస్కెట్‌బాల్ దిగ్గజం నొవిట్స్కి ఊరివాడే, పొడుగుకి పొడుగు, రీబౌండ్లు (గురితప్పి తిరిగొచ్చే బంతులు) పట్టడంలో దిట్ట, లోపల టైస్ జాగా అతనికే ఇవ్వాలి. ష్రోడర్ జాగాకి క్రిస్టియన్ ఆండర్సన్, అమెరికాలో టెక్సస్ టెక్ యూనివర్సిటీకి ఆడినవాడు. ఈ ఇద్దరూ ఉన్న అండర్-19 జట్టు 2025లో లొసాన్‌లో ప్రపంచ రజతం తెచ్చింది, ఫైనల్లో అమెరికా చేతిలో ఓడింది. అంతకు ముందేడు అండర్-18 యూరప్ కప్పు కూడా జర్మనీదే, అదీ టాంపెరెలోనే.

ఇది ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు. ఇక్కడి బాస్కెట్‌బాల్ లీగు బుండెస్‌లీగాలో, జట్టులోని పన్నెండు మందిలో ఆరుగురు జర్మన్లు ఉండాలని నియమం పెట్టారు, 2006లో పెద్దపిల్లలకీ 2009లో పదహారు లోపు వాళ్లకీ దేశమంతా లీగులు పెట్టారు, బెర్లిన్‌లో ఆల్బా క్లబ్బు బళ్లకీ కిండర్‌గార్టెన్లకీ కోచ్‌లని పంపిస్తుంది. వాగ్నర్ అన్నదమ్ములు ఆ క్లబ్బులో పెరిగినవాళ్లే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే ఆ రాత్రి తర్వాతి వారం 11 మంది పిల్లలు మేమూ ఆడతాం అని వచ్చారు, అందులో ఏడుగురు ఆడపిల్లలు. ఇండోర్ హాలు కోసం సంబంధిత ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి టెర్మిన్ (అపాయింట్‌మెంట్) ఇచ్చారు, వెళ్తే ఖాళీ ఉన్నది శుక్రవారం రాత్రి 9 గంటలకే అన్నారు. ఎనిమిదేళ్ల పిల్లలండీ! ప్రస్తుతం బడి పక్కన బయటి కోర్టులో, వల లేని రింగు కింద, చేతులకి గ్లవ్స్‌తో నేర్చుకుంటున్నారు. గుంటూరులో కాలేజీ జట్టుకి ఆడిన మన తమ్ముడు తన మాస్టర్స్ థీసిస్ పక్కన పెట్టి ప్రతి శనివారం వస్తున్నాడు, రెండో మనిషి కావాలని ఐదుసార్లు గ్రూపులో పెట్టాను, బొటనవేళ్లు బాగానే వచ్చాయి.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు, తనిఖీ అయింది, మిగులు కొద్దిగా ఉంది. హాలు డిపాజిట్‌లో 50 యూరోలు కోసుకున్నారు, నేల మీద పులిహోర పసుపు మరక పోలేదట. అంతకుమించి అడగాలనుకున్నవాళ్లు ఆయన్నే అడగండి.

ధన్యవాదాలు: ప్రొజెక్టర్ ఇచ్చినవారికి, తెర మోసినవారికి, వంట చేసిన నలుగురు పిన్నిగార్లకి, ఆడియో కేబుల్ మర్చిపోతే సైకిల్ మీద ఇంటికి వెళ్లి తెచ్చిన కుర్రాడికి, హౌస్‌మైస్టర్ గారికి. కుర్చీల నలుగురికి రెండుసార్లు.

వచ్చే ఏడాది: మహిళల బాస్కెట్‌బాల్ ప్రపంచకప్పు 2026 సెప్టెంబర్ 4 నుంచి 13 వరకు బెర్లిన్‌లో. జర్మనీ ఆటగత్తెలు సాబల్లీ అక్కచెల్లెళ్లు, లియోనీ ఫీబిష్ సొంతగడ్డ మీద ఆడితే మన ఆడపిల్లలు టీవీలో చూడటమేంటి? గ్రూపు టికెట్లకి ప్రయత్నిద్దాం, పేర్లు ఈ నెలాఖరులోపు ఇవ్వండి, తర్వాత అడిగితే నా దగ్గర ఉండవు.

ఎన్నికలు ఎజెండాలో ఆఖరి అంశం. నాలుగేళ్లుగా నేనే చేస్తున్నాను, ఈసారి ఇంకొకరు తీసుకోండి. ష్రోడర్ తర్వాత ఎవరని అర్ధరాత్రి దాకా పార్కింగ్‌లో వాదించుకున్నవాళ్లు, కార్యదర్శి ఎవరని అడగ్గానే కోట్లు వేసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి మిగిలిపోయిన పెద్ద స్టీలు గిన్నె, మూతతో సహా, ఇంకా మా ఇంట్లోనే ఉంది. అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్లండి.