మా డాబా మీది ఎండకు నిబంధనల్లో చోటివ్వండి

గౌరవనీయులైన పురపాలక శాఖ ఉన్నతాధికారి గారికి,

వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను. మా ఇంటికి దక్షిణాన ఐదంతస్తులు లేచాయి. హైదరాబాద్‌లో డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 15 మీటర్ల భవనం నీడ నేల మీద ఉత్తరానికి 13 మీటర్లు సాగుతుంది. అప్పు చేసి పెట్టించిన సోలార్ ప్యానెళ్లు చలికాలంలో చాలాసేపు నీడలోనే ఉంటున్నాయి. కరెంటు తగ్గింది, బ్యాంకు వాయిదా తగ్గలేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కాసేపు ఎండ కోసం వీధిలోకి వెళ్లి కూర్చుంటోంది.

ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవారికి కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తున్నారు. ఆ ఎండే మూసుకుపోతే ఎవరిని అడగాలి? పక్కవారిపై నాకు కోపం లేదు, వారు అనుమతితోనే కట్టుకున్నారు.

అనుమతికి ముందు, కట్టబోయే భవనం నీడ ఎక్కడిదాకా పడుతుందో చూపే నీడ పటం తప్పనిసరి చేయండి. ఉత్తరం వైపు వదలాల్సిన ఖాళీని నీడ పొడవును బట్టి నిర్ణయించండి. దీనిపై లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని