పాత వేటకత్తుల మీది ముద్రల గురించి

సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం పుటలో పాత వేటకత్తుల సేకరణ గురించి వచ్చిన వ్యాసాన్ని ఇష్టంగా చదివాను. తెలుగులో ఈ విషయం మీద రాసేవారు అరుదు కనుక ఆ రచయితకు ముందుగా నా కృతజ్ఞతలు. అయితే అందులో ఒక కత్తి మీద కిరీటం, దానికి ఇరుపక్కలా 'వి', 'ఆర్' అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నందువల్ల అది విక్టోరియా రాణి కాలపు సైన్యానికి సర్కారు ఇచ్చిన కత్తి అని రాశారు. ఆ నిర్ణయం సరికాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ ఫొటోలోనే కిరీటానికి కొంచెం కింద ఒక నక్షత్రం, దాని పక్కన నాలుగు రెక్కల మాల్టా శిలువ కనిపిస్తున్నాయి. ఇంగ్లాండులోని షెఫీల్డు పట్టణంలో కత్తులు చేసిన జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ వారి గురుతు అది. షెఫీల్డులో 1624లో చట్టబద్ధంగా ఏర్పడిన కత్తుల పనివారి సంఘం ఒక్కొక్క పనివాడికి ఒక్కొక్క గురుతు కేటాయించి, దాన్ని మరొకరు వాడకుండా నమోదు చేసేది. ఈ నక్షత్రమూ శిలువా రాడ్జర్స్ కుటుంబానికి పద్దెనిమిదో శతాబ్దంలో దక్కాయి. తరువాతి కాలంలో ఆ సంస్థకు రాజకుటుంబానికి కత్తులు అందించే గౌరవం లభించడంతో, కిరీటాన్నీ ఏలుతున్న రాజు లేదా రాణి పేరునూ బిరుదునూ సూచించే అక్షరాలనూ తమ మామూలు సరుకు మీద కూడా కొట్టుకున్నారు. చిన్న మడతకత్తుల మీద కూడా అవి ఉంటాయి. కనుక 'వి', 'ఆర్' చూసి ఆ కత్తి 1837కూ 1901కీ మధ్య కాలానిదని చెప్పవచ్చునే గాని, సైన్యానిదని చెప్పకూడదు. సర్కారు సొత్తుకు బ్రిటిషువారు వేసిన గురుతు వేరు: మూడు గీతలతో వెడల్పుగా ఉండే బాణపు మొన. అది లేనప్పుడు కిరీటాన్ని మాత్రమే చూసి సైన్యం పేరు ఎత్తడం తొందరపాటు అవుతుంది.

ఇంత చిన్న విషయానికి ఉత్తరం ఎందుకని మీరు అనుకోవచ్చు. ముద్రను తప్పుగా చదవడం వల్ల, అంతకన్నా ఎక్కువగా దాన్ని పట్టించుకోకపోవడం వల్ల జరిగే నష్టం మా ఇంట్లోనే జరిగింది.

మా తాతగారు సేలం ప్రాంతంలో అటవీశాఖ ఉద్యోగి. ఆయన వాడిన వేటకత్తి ఒకటి తోలు ఒరతో సహా మా నాన్నగారి ద్వారా నాకు వచ్చింది. ఇరవై ఏళ్ల క్రితం, అది తుప్పు పట్టిపోతున్నదన్న బాధతో, చెన్నైలోనే ఒక దుకాణానికి ఇచ్చి శుభ్రం చేయమన్నాను. వారు ముందు ఉప్పుకాగితంతో రుద్ది, తరువాత తిరిగే చక్రం మీద పట్టి, అద్దంలా మెరిపించి ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూసుకుంటే, పిడికి ఆనుకొని పదును పెట్టకుండా వదిలిన భాగంలో రెండు వరుసలుగా ఉన్న అక్షరాలలో మొదటి వరుసలో 'చెల్' అని, రెండో వరుసలో 'సాల్' అని చదవదగిన ఇంగ్లీషు ముక్కలు మాత్రమే మిగిలాయి. తుప్పు కింద ఏం రాసి ఉందో అంతకుముందు నేనూ ఎన్నడూ చదివి పెట్టుకోలేదు. పాత సామాన్లు అమ్మే ఒకాయన అది ఫ్రెంచివారి పేరై ఉంటుందని, పుదుచ్చేరి నుంచి వచ్చి ఉంటుందని చెప్పారు. చాలాకాలం నేనూ అదే నమ్మాను.

అదే ఆకారం, అదే వెడల్పు ఉన్న మరొక కత్తిని చెరగని ముద్రతో చూసిన రోజున అసలు సంగతి తెలిసింది. దాని మీద పై వరుసలో 'ఆర్నచెల్లం' అని, కింద 'సేలం' అని ఉంది. అంటే అరుణాచలం. పందొమ్మిదో శతాబ్దంలో సేలంలో ఆ పేరుతో తయారైన వేటకత్తులూ అడవిపందుల వేటకు వాడే బల్లేలూ ఇంగ్లీషు దొరల మధ్య ఎంతో పేరు పొందాయి. కొనేవారు వాళ్లే కనుక ముద్ర ఇంగ్లీషు అక్షరాలలో పడింది, పలుకుబడి కూడా వారి నోటికి తగ్గట్టు మారింది. తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్న 'ఉక్కు' అన్న మాట నుంచే, పాత దక్షిణాది ఉక్కుకు ప్రపంచమంతా వాడే 'వూట్జ్' అన్న పేరు పుట్టిందని పండితులు చెప్పే నేల మీద, ఒక దేశీయ పనివాడు తన పేరును తానే ఉక్కు మీద కొట్టి మిగిల్చిన గురుతును నా చేతులారా అరగదీయించుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మన ప్రాంతంలో దొరికే కత్తుల మీద మరొక చిక్కు, అమ్మినవారి పేరు. మద్రాసు మౌంటు రోడ్డు మీది పి. ఓర్ అండ్ సన్స్ గడియారాలకూ నగలకూ పేరుపడిన సంస్థ. ఇంగ్లాండులో తయారైన తుపాకుల మీద కూడా వారి పేరూ మద్రాసు పేరూ కనిపిస్తాయి. ఇటువంటి పేరు ఉన్నప్పుడు అది అమ్మిన దుకాణానిదా, చేసిన పనివాడిదా అని వెతకాలి. చాలాసార్లు చేసినవాడి గురుతు అలుగుకు, అంటే కత్తి కోసే భాగానికి, రెండో వైపున గాని, పిడి లోపలికి దిగిన తోక మీద గాని చిన్నదిగా ఉంటుంది.

'ఇంగ్లాండ్' అన్న మాట లేకపోతే కత్తి 1890కి ముందుదని ఆ వ్యాసంలో చెప్పిన సూత్రాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలన్న 1890 నాటి నియమం అమెరికా వారిది. అక్కడికి పంపే సరుకుకే అది వర్తించింది. మద్రాసు రేవులో దిగిన పెట్టెలకు ఆ కట్టుబాటు లేదు. అలాగే అమెరికాలోని కేస్ సంస్థ 1970లో తన ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక చుక్క తగ్గిస్తూ వచ్చింది కనుక ఆ కత్తుల ఏడాదిని చుక్కలు లెక్కపెట్టి చెప్పవచ్చు. అంత సుఖమైన లెక్క సేలం కత్తికి లేదు. దాని కాలాన్ని ముద్రతో పాటు ఆకారం, పిడి, ఒర కలిపి చూసి అంచనా వేయవలసిందే.

నకిలీలను పట్టడానికి కూడా ముద్రే ఆధారం. పాత పద్ధతిలో ఉక్కును గట్టిపరచక ముందే అచ్చుతో కొట్టేవారు కనుక అక్షరం లోతుగా దిగి, లోపలి గోడలు కూడా అలుగు మీది తుప్పు రంగులోనే ఉంటాయి. ఈమధ్య గీరిన అక్షరాల లోపల లోహం కొత్తగా మెరుస్తుంది. ఆమ్లంతో తినిపించిన రాతలు పైపైనే ఉండి, రుద్దితే అన్నిటికన్నా ముందు పోతాయి.

అందువల్ల ఇళ్లలో ఇటువంటి కత్తులున్న పాఠకులు వాటిని మెరిపించకూడదని నా విన్నపం. మెత్తని గుడ్డతో కొంచెం నూనె రాసి, పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టి ఫొటో తీస్తే, కంటికి ఆనని అక్షరాలు కూడా నీడల వల్ల తేలుతాయి. పలుచని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దినా చాలావరకు వస్తాయి. అమ్మదలచినవారు దంతపు పిడి విషయంలో 1972 నాటి వన్యప్రాణి చట్టాన్ని, తొమ్మిది అంగుళాలు మించిన అలుగు విషయంలో ఆయుధ చట్టాన్ని ముందుగా తెలుసుకోవడం మంచిది.

మీ వ్యాసంలో ప్రచురించిన ఆ రాడ్జర్స్ కత్తి ఫొటోలో ఒక వైపే కనిపిస్తున్నది. దాని సొంతదారు అనుమతిస్తే, ఆయన దాన్ని శుభ్రం చేయించక ముందే, రెండో వైపును కూడా ముద్ర స్పష్టంగా కనబడేంత పెద్దదిగా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై.