ఆ ఏడు రాళ్ళు ఎక్కడున్నాయో చూడరా

కేళంబాక్కం, చెన్నై
మంగళవారం రాత్రి

ఒరేయ్ నిలువెత్తు బంగారం,

కోపంగా ఉంటావని తెలుసు. సంక్రాంతికి రాస్తానన్నవాణ్ణి, శివరాత్రి కూడా దాటించేశాను. తప్పు నాదే, క్షమించు. మా బామ్మర్ది పదకొండు గంటల బస్సుకి మదనపల్లె వస్తున్నాడు, వాడి చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపాలని ఇప్పుడు కూర్చున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ మాట మధ్యలో గొంతు పట్టేసి వేరే సంగతులు మాట్లాడి పెట్టేశాను.

ఇంటి సంగతులు ఒక్క ముక్కలో: అమ్మ మోకాలు కొంచెం నయం, చిన్నదానికి పరీక్షలు, ఆఫీసులో ఎప్పటి టెన్షనే, లోను ఇంకా రాలేదు. అయిపోయింది. ఇక అసలు విషయానికి వస్తా.

ముందు పాము గురించి చెప్పాలి. డిసెంబరు వానలకి మా అపార్ట్‌మెంట్ కింద బండ్లు పెట్టేచోటికి నాగుపాము వచ్చింది. మావాళ్ళంతా కర్రలు పట్టుకుని దిగారు. వాచ్‌మన్ ఎవరికో ఫోన్ చేస్తే ఒక పెద్దాయన వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో ఒక కొంకి కర్ర, చంకలో గుడ్డసంచి. సిమెంటు మీద మాకెవరికీ కనబడని గీత ఏదో చూసుకుంటూ నేరుగా మూడో స్కూటరు దగ్గరికి వెళ్ళి వంగాడు. ఎవరో వెనకనుంచి చంపెయ్యమన్నారు. ఆయన తల కూడా తిప్పకుండా, ‘కన్నియమ్మని ఎవరైనా చంపుతారా తంబీ?’ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందంటే, పడుకున్న పసిబిడ్డ పక్కన మాట్లాడినట్టు ఉంది.

ఆయన ఇరుళర్. కన్నియమ్మ అంటే వాళ్ళ దేవత, నాగుపాములో ఆమెనే చూస్తారు. మనవైపు యానాదులు ఎలాగో ఇక్కడ వీళ్ళు అలాగ. ఎలకలు, పాములు, మూలికలు అన్నీ వీళ్ళకి పుట్టుకతో వచ్చిన చదువు. ఒకప్పుడు పాము తోళ్ళ వ్యాపారం మీద బతికేవాళ్ళు. 1970ల్లో దాన్ని నిషేధించాక పొయ్యి వెలగడమే కష్టమైంది. 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం మొదలైంది. అది ఇక్కడికి దగ్గరే, వడనెమ్మేలిలో, మొసళ్ళ పార్కు ఆవరణలో ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషం తీసి మందు కంపెనీలకి ఇస్తారు. ఆ తర్వాత పాముల్ని తీసుకెళ్ళి అడవిలో వదిలేస్తారు. మీ చిన్నాన్నని చెనక్కాయ చేలో కరిచిన రాత్రి గుర్తుందా? సూది మందు ఎక్కించాక తెల్లారి కళ్ళు తెరిచాడే, ఆ మందు తయారీకి వాడిన విషం ఇలాంటి చేతుల మీదుగా వచ్చిందే అయ్యుంటుంది. 2023లో వీళ్ళలో ఇద్దరికి, వడివేల్ గోపాల్‌కి, మాసి సడైయన్‌కి, పద్మశ్రీ ఇచ్చారు. 2017లో ఆ ఇద్దర్నీ ఫ్లోరిడా వాళ్ళు పిలిపించుకుంటే, వెళ్ళి రెండు వారాల్లోపే 13 కొండచిలువల్ని పట్టిచ్చారట. వింటే ఒళ్ళు పులకరించింది.

సరే, ఆ తాత సంచి మూతి ముడేసి, టీ తాగి వెళ్తూ, ‘మాసి పున్నమికి మహాబలిపురం రా తంబీ, మా అమ్మ సముద్రంలోంచి వస్తుంది’ అన్నాడు. మాసి అంటే తమిళుల నెల పేరు. చుట్టానికి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. ఒరేయ్, నేను మూడు నెలలు ఆ మాట మోశాను.

వెళ్ళాను. సెలవు పెట్టి ఒక్కణ్ణే వెళ్ళాను. మధ్యాహ్నానికే తీరం నిండిపోయింది. చెంగల్పట్టు, తిరువళ్ళూరు, విళుపురం, ఎక్కడెక్కడి ఇరుళర్లంతా వచ్చేశారు. కర్రలు పాతి పాత చీరలు కట్టి గుడారాలు వేశారు. ఆకుపచ్చ చీర పక్కన నీలం పట్టా, దాని పక్కన పెళ్ళిచీరలాంటి ఎర్రది. వెన్నెల పైకొచ్చేసరికి ఆ చీరలన్నీ లోపల దీపం పెట్టినట్టు అయ్యాయి. గుడారాల మధ్య మూడు రాళ్ళ పొయ్యిలు, చేపల పులుసు వాసన, ఇసుకలో దొర్లే పిల్లలు, సంబంధాలు మాట్లాడుకునే పెద్దవాళ్ళు. ఏడాదికోసారి అందరూ కలిసేది ఇక్కడే. పోయినేడు మాట అనుకున్న పెళ్ళిళ్ళు ఈ ఏడు ఇదే ఇసుకలో చేస్తారు. పసిబిడ్డలకి పేరు పెట్టేదీ, తలనీలాలు తీసేదీ, చెవులు కుట్టేదీ ఇక్కడే.

తాత నన్ను తన కుటుంబంలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. నా వచ్చీరాని తమిళానికి ఎవ్వరూ నవ్వలేదు. కన్నియమ్మ కథ తాత చెల్లెలు చెప్పింది. అమ్మకి తనవాళ్ళ మీద కోపం వచ్చి సముద్రంలోకి వెళ్ళిపోయిందట. ఆ కోపం తీర్చి, బుజ్జగించి ఇంటికి పిలుచుకోడానికే ఏడాదికోసారి అందరూ రావడం. ఇంతే కథ. అలిగిన ఆడబిడ్డని పుట్టింటివాళ్ళు పిలవడానికి వచ్చినట్టు లేదూ? రాత్రంతా ఎక్కడో ఒకచోట ఉడుక్కై అనే చిన్న డమరుకం మోగుతూనే ఉంది. నేను ఇసుక మీద పడుకున్నాను గానీ నిద్ర ఎక్కడిది?

తెల్లవారుజామున నాలుగున్నరకి లేపారు. ఇది జాగ్రత్తగా చదువు, దీనికోసమే రాస్తున్నాను.

తాత మనవరాలు, పదేళ్ళుంటాయి, అల వచ్చి వెనక్కి పోయే చోట తడి ఇసుక మీద కూర్చుంది. ముందు అరచేత్తో నేల సాపు చేసింది. తర్వాత తడి ఇసుక తోడి చిన్న దిబ్బ పోసి, దాని ముందు మెట్లు దిద్దడం మొదలుపెట్టింది. పొడి ఇసుక జారిపోతుందని నన్ను చెంబుతో నీళ్ళు తెమ్మంది. తెచ్చాను. ఎక్కువ పోశానని కసిరింది. ఒక్కో మెట్టునీ అరచేతి పక్కతో కోసి, వేళ్ళ వెనకతో తట్టి గట్టి చేసింది. ఏడు మెట్లు! మెట్టుకో చిటికెడు పసుపు, కుంకుమ, ఒక పువ్వు. పైన తమలపాకు, అరటిపండు, కొబ్బరికాయ, గుప్పెడు బొరుగులు. మా పక్కన ఇంకో కుటుంబం, వాళ్ళ పక్కన ఇంకొకరు, కనుచూపు మేర ఇసుక గుళ్ళు. కర్పూరాలు వెలిగాయి. ఏ గుడికీ తలుపు లేదు. ఎవరి దగ్గరా రసీదు పుస్తకం లేదు.

నాకు మొన్నటిదాకా తెలియని సంగతి ఏమిటంటే, ఆ ఏడు మెట్లు ఏడుగురు కన్నెల కోసం. కన్నియమ్మ ఆ ఏడుగురిలో ఒకతి.

ఆడవాళ్ళు సముద్రంలో మునిగి తడి చీరలతో వస్తుంటే, రాత్రి నాకు టీ ఇచ్చిన ఆమెకి పూనకం వచ్చింది. మేడారంలో సమ్మక్కని చిలకలగుట్ట నుంచి తెచ్చేటప్పుడు నీ పక్కనున్న ఆమెకి వచ్చిందే, అలాగే. నువ్వు అప్పుడు నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తే. ఈమె మాత్రం అరవలేదు. తనవాళ్ళని నిలబెట్టి, ఎవరి పిల్లనో ఇస్తామని చెప్పి మాట తప్పారని కడిగేసింది. మీసాలున్న పెద్ద మగవాళ్ళు తలొంచుకుని, ‘తప్పయింది తల్లీ’ అన్నారు. కాసేపటికి ఆమె మామూలు మనిషై, నీళ్ళు తాగి, చెవి కమ్మ ఎక్కడో పడిపోయిందని దిగులుపడింది. ఇందాక ఆమెకి దండం పెట్టినవాళ్ళమంతా వంగి ఇసుకలో కమ్మ వెతికాం. దొరికింది కూడా.

అప్పుడడిగాడు తాత. ‘మీకు కన్నియమ్మ ఉందా?’

అక్కమ్మగార్లు ఉన్నారన్నాను.

‘ఎంతమంది?’

‘ఏడుగురు.’

తాత ముఖం ఎంత వెలిగిపోయిందనీ! ‘ఎక్కడుంటారు?’ అన్నాడు.

ఒరేయ్, నాకు నోట మాట రాలేదురా.

చెరువు కట్ట మీద వేపచెట్టు కింద ఏడు రాళ్ళు ఉండేవి, గుర్తుందా? చెరువులోకి కొత్త నీళ్ళు వచ్చిన ఏడాది అవ్వ మనిద్దర్నీ వెంటేసుకుని వెళ్ళి, రాళ్ళు కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పొంగలి పెట్టేది. నీ వాటా బెల్లం కూడా నేనే తింటే అవ్వ ఏమందో నీకే తెలుసు, రాయను. రాళ్ళని కదిలించకూడదు, వాళ్ళు అక్కాచెల్లెళ్ళు, విడదీస్తే ఏడుస్తారు అనేది. అవ్వ పోయాక గుడి కమిటీ వచ్చింది. నాయనే ముందు నడిచాడు. రాళ్ళకి గుడేమిటి, మంచి విగ్రహం పెడదాం అన్నారు. ఆ విగ్రహం చెక్కించింది ఎక్కడనుకున్నావ్? ఇదే మహాబలిపురంలో. లారీ వెనక గడ్డి మీద కూర్చుని, విగ్రహం కదలకుండా పట్టుకుని మనిద్దరం ఊరికి వచ్చాం. ఎంత గొప్పగా అనిపించిందో ఆ రోజు! రాళ్ళని తీసి మోటారు షెడ్డు వెనక పెట్టారు. పెట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి.

నాయన మీద కోపం లేదు. ఆయన భక్తితోనే చేశాడు. కానీ ఆ తీరంలో నిలబడి, తాత అడిగిన దానికి జవాబు లేక, అవ్వ ముఖం గుర్తొచ్చి... వదిలెయ్.

ఆ పాప కట్టిన గుడిని అల తీసుకుపోవడం చూశాను. మొదటి అలకి కింది మూడు మెట్లు పోయాయి. పువ్వులు తేలాయి. పాప చప్పట్లు కొట్టి, ‘అమ్మ తీసుకుంది’ అంది. అటు చూస్తే పల్లవ రాజసింహుడు 1300 ఏళ్ళ కింద కట్టించిన రాతి గుడి. అదీ అందంగానే ఉంది, కాదనను. కానీ పాప గుడికి వాడిన రాయి సున్నా, పైసా సున్నా, ఏడాది తిరిగేసరికి మళ్ళీ కొత్తది. మేడారంలో మనం చూసిందీ ఇదే కదా? విగ్రహం లేదు, ఒక కుంకుమ భరిణె, వెదురు కర్రలు. పండగ అయ్యాక అమ్మలు మళ్ళీ అడవికి వెళ్ళిపోతారు. మనం వెనక్కి వస్తూ అమ్మ ఎటు వెళ్ళింది అని నువ్వు అడిగితే, ఆ కోయ పెద్దాయన కొండవైపు వేలు చూపించి ఊరుకున్నాడు.

వచ్చాక నిద్రపట్టక చదువుతూ కూర్చున్నాను. ఒడిశా నియమగిరి గురించి చదివావా? డోంగ్రియా కోందులనే అక్కడి ఆదివాసులకి ఆ కొండే దేవుడు, నియమ రాజా. దాని మీద బాక్సైట్ తవ్వాలని వస్తే, మీ దేవుడి సంగతి మీ గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్ళలో సభలు పెట్టారు, 12 ఊళ్ళూ వద్దన్నాయి. ఒక్కటి కూడా జారలేదు! ఆస్ట్రేలియాలో ఉలూరు అని పెద్ద ఎర్ర కొండ ఉంది చూడు, మా పెద్దమ్మ కొడుకు దాని మీదికెక్కి ఫొటో పంపించాడు, నేను ఆఫీసులో అందరికీ చూపించాను. అనంగు అనే అక్కడి ఆదివాసులు అది మాకు పవిత్రం, ఎక్కొద్దు అని దశాబ్దాలుగా వేడుకుంటూనే ఉన్నారట. 2019 అక్టోబరు 26న ఎక్కడం పూర్తిగా ఆపించారు. 1985లో ఆ కొండ వాళ్ళకి తిరిగి దక్కిన తేదీ కూడా అదే. మావాడికి తెలిసుంటే ఎక్కేవాడు కాదు, వాడు అలాంటివాడు కాదు. న్యూజిలాండ్‌లో వాంగనుయి నదిని 2017లో చట్టమే ఒక వ్యక్తిగా ఒప్పుకుంది. ‘నేనే నది, నదే నేను’ అంటారట అక్కడి మావోరీలు. చెరువు నిండితే అవ్వ, ‘అక్కమ్మలు తానమాడారు’ అనేది. మనం అది ఏదో ముసలామె మాట అనుకున్నాం.

అందుకే అడుగుతున్నా. ఈ ఆదివారం చెరువు కట్టకి వెళ్ళు. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా కమిటీ వాళ్ళకి. మోటారు షెడ్డు వెనక తంగేడు పొదలుండేవి, వాటి కింద చూడు. కొత్త మోటారు పెట్టినప్పుడు మట్టి పోసుంటే పార తీసుకెళ్ళు. రాళ్ళు గుండ్రంగా, గుమ్మడికాయంత ఉంటాయి. ఒకదానికి అంచు విరిగి ఉంటుంది, అవ్వ దాన్ని చిన్నక్క అనేది. దొరికితే కదిలించకు. కడిగి, పసుపు పూసి, ఫొటో తియ్యి. నేను ఉగాదికి వస్తాను, ఇద్దరం కలిసి వేపచెట్టు కిందికి మోద్దాం. చెట్టు ఉందా అసలు? అది కూడా చూసి చెప్పు. నాయనతో నేనే మాట్లాడతాను. ఆయన ఒప్పుకుంటాడనే నా నమ్మకం, ఎందుకంటే మొన్న ఫోన్‌లో అవ్వ పేరు ఎత్తితే ఆయన చాలాసేపు

బామ్మర్ది చెప్పులేసుకున్నాడు, ఆటో కింద హారన్ కొడుతోంది. ఏడూ లెక్కపెట్టు. ఆరే దొరికితే ఇంకా తవ్వు.

నీ
చిన్నోడు