ఫోన్‌లో మాట్లాడిన ఆ తెలుగమ్మాయికి

అందరికీ నమస్కారం.

నాకు 67 ఏళ్లు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యాను. ఆర్నెల్లు ఉండి వెళ్దామని నేనూ మావారూ కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలోనే. నా మీద జరిగిన దాడి కేసు ఇంకా నడుస్తోంది, ఊరి పేరు రాయొద్దన్నాడు మా వాడు. కుడి చేతి కట్టు విప్పి నాలుగు రోజులైంది. చేత్తో రాయడం ఇంకా కుదరక, ఒక్కో అక్షరం ఎడం చేత్తో ఫోన్‌లో నొక్కుతున్నాను. తప్పులుంటే క్షమించండి. పండిట్‌ని అయ్యుండీ ఇలా అడగాల్సి వచ్చింది.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఆ రోజు మావారికి మోకాళ్ల నొప్పులని పార్కుకు ఒక్కదాన్నే నడకకు వెళ్లాను. చీర మీద స్వెట్టరు, కాళ్లకు బూట్లు. ఇక్కడికొచ్చిన మన ఆడవాళ్లందరి యూనిఫాం అదే కదా. ఎదురుగా వచ్చిన ఒకతను నా చీరా బొట్టూ చూసి అరవడం మొదలెట్టాడు. ‘గో బ్యాక్’, ‘డర్టీ’, ‘కంట్రీ’, నాకు తెలిసినవి ఇంతే. పక్కకు తప్పుకుని గడ్డిలోకి దిగాను. వెంటపడి వచ్చి, రెండు చేతులతో భుజాలు పట్టి తోశాడు. కుడి మణికట్టు విరిగింది.

మొదటి కృతజ్ఞత, చంటిపిల్లాడిని బండిలో తోసుకుంటూ వచ్చిన ఆ అమ్మాయికి. ఆమెకు ఇంగ్లిషు నాకన్నా కాస్త నయం, అంతే. ఆమెది స్పానిష్. ‘మామా, ఓకే, ఓకే’ అంటూ నా తల ఒళ్లో పెట్టుకుని 911కి ఫోన్ చేసింది. పోలీసులు వచ్చేదాకా అలాగే కూర్చుంది. పిల్లాడు ఏడుస్తున్నా లేవలేదు. సాక్ష్యం కూడా తన భాషలోనే చెప్పిందట.

వచ్చిన పోలీసు ఒక ఆడ ఆఫీసరు. నేను ‘తెలుగు, తెలుగు’ అంటుంటే ఆవిడ ఫోన్‌లో దుభాషి కోసం అడిగింది. రెండు నిమిషాల్లో ఎవరో లైన్లోకి వచ్చి గబగబా మాట్లాడారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అది టాగలోగ్ అట, ఫిలిప్పీన్స్ వాళ్ల భాష. వినడానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇలా జరుగుతుందని తర్వాత మా కోడలు చెప్పింది. అందుకే ఇక్కడున్న పెద్దవాళ్లందరికీ నా మనవి: టీ, ఈ, ఎల్, యూ, జీ, యూ అని విడివిడిగా చెప్పడం నేర్చుకోండి. విరిగిన చెయ్యి పట్టుకుని నేను ఆ స్పెల్లింగే చెప్పాను.

ఈలోగా మా అబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చి నా తరఫున ఇంగ్లిషులో అందుకున్నాడు. ఆఫీసరమ్మ చెయ్యెత్తి ఆపింది. మీ అమ్మగారి మాట మీ అమ్మగారి నోటే వినాలి, దుభాషి వస్తున్నారు, మీరు కాస్త అవతల నిలబడండి అందట. వాడికి కోపమొచ్చింది. ‘మా అమ్మ మాట నేను చెప్పలేనా?’ అని రాత్రి దాకా గొణుగుతూనే ఉన్నాడు.

నిజం చెప్పనా? వాడుంటే నేను చెప్పేదాన్ని కాదు. తోశాక ఆ మనిషి నా మొహం మీద ఉమ్మాడు. స్వెట్టరు చేతి అంచుతో తుడిచేసుకుని, కన్నకొడుక్కి ఈ మాట ఎలా చెప్పాలని మింగేశాను. వాడు పక్కకెళ్లాక, ఫోన్‌లోకి వచ్చిన తెలుగు దుభాషి పిల్లకి చెప్పాను. తను ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత గొంతు మారకుండా ఆఫీసరమ్మకు ఇంగ్లిషులో చెప్పింది. వెంటనే స్వెట్టరు విప్పించి కాగితపు సంచిలో పెట్టుకున్నారు. అదే పెద్ద సాక్ష్యమైంది. ఇప్పుడు మా వాడికీ తెలుసు, కాబట్టే ఇక్కడ రాయగలుగుతున్నాను.

ఆ పిల్ల పేరు నాకు తెలియదు. దుభాషులు పేరు చెప్పరట, ఒక నంబరు చెబుతారు. ఆ నొప్పిలో నంబరు ఎక్కడ గుర్తుంటుంది! ఇంకో చిత్రం, ఆమె ‘ఆఫీసరు అడుగుతున్నారు’ అనలేదు. ‘నేను పోలీసు ఆఫీసర్ని, మీకెక్కడ తగిలింది?’ అంది. ఈమె కూడా పోలీసేనా అని కాసేపు తికమకపడ్డాను. ఎవరి మాట వాళ్లన్నట్టే చెప్పాలన్నది వాళ్ల పద్ధతట.

నేను ‘నెట్టేశాడు’ అన్నాను. తిరిగి వచ్చిన ప్రశ్న: ‘చెయ్యి తాకి పడ్డరా, కావాలని నూకిండా?’ నూకడం! నిఘంటువులో ఉన్న చక్కటి మాట, మా వైపు వాడుకలో లేదు. ‘నూకాడమ్మా, రెండు చేతులతో నూకాడు’ అన్నాను. ఆ ఒక్క ప్రశ్నకు ఎంత విలువుందో తర్వాత తెలిసింది. తిట్టి పోతే రాసుకుంటారు కానీ చాలాసార్లు అది నేరం కిందికి రాదు. పుట్టిన దేశాన్నో మతాన్నో చూసి తిట్టి, ఆ ద్వేషంతోనే చెయ్యి చేసుకుంటే ‘హేట్ క్రైమ్’. తిట్టూ తోపూ రెండూ నా వాంగ్మూలంలో పడాలి. నాకు వినబడ్డ ఆ మూడు మాటలు వినబడ్డట్టే ఆ దుభాషి పిల్ల చేత పలికించింది ఆఫీసరమ్మ.

మావారు మాత్రం కేసు వద్దన్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లం, మనకెందుకు అని. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘నా దేశం నుంచి పొండి’ అని అరిచి కాల్చి చంపిన సంగతి టీవీలో చూసినప్పటి నుంచి ఆయనకు ఆ భయం పోలేదు. ఆయన్ని తప్పుపట్టను.

ఆ భయం తగ్గించింది మా కోడలు. ఈ రాష్ట్ర పౌర హక్కుల శాఖ 2023లో, ఇలా ద్వేషానికి గురైనవాళ్లు చెప్పుకోవడానికి ‘సీఏ వర్సెస్ హేట్’ (ద్వేషానికి ఎదురు కాలిఫోర్నియా) అని ఒక ఫోన్ లైన్ పెట్టింది. నంబరు 833-866-4283. వాళ్లు పోలీసులు కారు. పేరు చెప్పకుండానూ చెప్పుకోవచ్చు, వీసా సంగతి అడగరు. స్పీకర్ పెట్టి మావారినే మాట్లాడనిచ్చింది. ఆయన తెలుగులోనే మాట్లాడారు, నలభై నిమిషాలు! ఇంట్లో నాతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఇన్సూరెన్స్ పోగా మిగిలే ఆసుపత్రి ఖర్చుకు రాష్ట్ర బాధితుల పరిహార బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పిందీ వాళ్లే. పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.

దుభాషికి ఎంత ఇవ్వాలని మావారు అడిగితే కోడలు నవ్వింది. పైసా అక్కర్లేదు మావయ్యా, 1964 నాటి పౌర హక్కుల చట్టం ఉంది, 1973లో ఈ రాష్ట్రం చేసుకున్న చట్టం వేరే ఉంది, వాళ్లు దయతో ఇస్తున్నది కాదు అంది. అయినా చెప్పాల్సిన కృతజ్ఞత చెప్పాలి కదా. ఆఫీసరమ్మకు, ఆ లైన్లో ఓపిగ్గా విన్నవాళ్లకు, బండి అమ్మాయికి, కోపం దిగమింగి అవతల నిలబడ్డ నా కొడుక్కి.

ఇక ఆ పిల్లకి. పార్కులో మాటలు అయిపోయి, అంబులెన్స్ ఎక్కించే ముందు ఉండబట్టలేక అడిగేశాను, ‘మీదే ఊరమ్మా?’ అని. ఏ మాటైనా తర్జుమా చేయాల్సిందే కదా, ఆ ప్రశ్ననూ ఇంగ్లిషులో ఆఫీసరమ్మకు చెప్పేసింది. ఆవిడ నా వైపు తిరిగి నవ్వింది. ఫోన్‌లోంచి తెలుగులో జవాబొచ్చింది: ‘నేను ఇక్కడ కాలిఫోర్నియాలోనే, ఫ్రెస్నోలో పుట్టిన అమ్మా.’