ఫైటర్ చేపల పెంపకందారుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

మాన్య సభ్యులకు నమస్కారం.

2025 మార్చి నెలాఖరుతో ముగిసిన సంవత్సరంలో మన సంఘం చేపట్టిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సభ్యుల ఇళ్లలో తలా ఒక తీరున సాగుతున్న కాపర్ బెట్టా (రాగి మెరుపు ఉన్న ఫైటర్ చేప) పెంపకాన్ని ఒక పద్ధతిలోకి తెచ్చి, తల్లిదండ్రుల వివరాలు తెలిసిన, తరం మారినా రాగి మెరుపు తగ్గని వంశాలను నిలబెట్టాలని గత సమావేశం తీర్మానించింది. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ పనికే కేటాయించాను. మిగిలిన కార్యక్రమాలు ఏటా జరిగేవే కనుక వాటిని చివర క్లుప్తంగా ప్రస్తావిస్తాను.

కాపర్ అనేది ఒక్క జన్యువు ఇచ్చే రంగు కాదు. మొదటి శిక్షణ తరగతిని దీనిని వివరించడానికే వినియోగించాము. బెట్టా ఒంటి మీద కనిపించే నీలి మెరుపు నిజానికి నీలి రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు. చర్మంలోని ఇరిడోఫోర్ కణాల్లో పలుచని గ్వానిన్ స్ఫటికాలు పొరలు పొరలుగా ఉంటాయి. వాటి మీద పడిన కాంతి తిరిగి వచ్చేటప్పుడు మన కంటికి నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది. ఆ ఛాయను నిర్ణయించే జన్యువుకు రెండు రూపాలు ఉన్నాయి. ప్రతి చేపకూ ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు వస్తాయి. మొదటి రూపమే రెండు ప్రతుల్లోనూ ఉంటే చేప టర్కాయిస్ (పచ్చ కలిసిన నీలం) అవుతుంది, రెండో రూపమే రెండింటిలో ఉంటే స్టీల్ బ్లూ అవుతుంది, చెరొకటి ఉంటే రాయల్ బ్లూ అవుతుంది. అందువల్లనే రెండు రాయల్ బ్లూ చేపలను జతకడితే పిల్లల్లో సుమారు సగం రాయల్‌గాను, పాతిక వంతు టర్కాయిస్‌గాను, పాతిక వంతు స్టీల్‌గాను వస్తాయి. బెట్టా రంగుల వారసత్వం మీద గుడ్రిచ్, మెర్సర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1934లోనే వ్యాసం ప్రచురించారు కనుక ఈ తరహా లెక్కలు పెంపకందారులకు కొత్తవి కావు.

లోహపు మెరుపునిచ్చే మెటాలిక్ కారకం మాత్రం దీనికి వేరుగా వారసత్వంగా వస్తుంది. స్టీల్ బ్లూ పునాది మీద ఈ కారకం రెండు ప్రతులూ చేరినప్పుడే అసలైన కాపర్ ఏర్పడుతుంది. ఒక్క ప్రతి మాత్రమే ఉంటే చేప నీలానికీ రాగికీ నడుమ నిలుస్తుంది. దానినే మనవాళ్లు సింగిల్ కాపర్ అంటున్నారు. ఈ కారకం మనం పెంచే ఫైటర్ చేప జాతి బెట్టా స్ప్లెండెన్స్‌లో మొదటి నుంచి ఉన్నది కాదనీ, దక్షిణ థాయిలాండ్, మలేసియా ప్రాంతాల్లో బతికే ఇంబెల్లిస్ వంటి అడవి జాతులతో సంకరం చేయడం వల్ల వచ్చిందనీ పెంపకందారుల్లో ఎక్కువమంది నమ్మకం. థాయిలాండ్ ప్రభుత్వం 2019లో ఫైటర్ చేపను తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. ఈనాటికీ మేలురకం కాపర్ జతలు చాలావరకు ఆ దేశం నుంచే వస్తున్నాయి.

పై లెక్కను ఆచరణలో పెట్టినప్పుడు సభ్యుల అనుమానాలు చాలా తీరాయి. చెన్నైలోని అలంకార చేపల మార్కెట్ కొళత్తూరు నుంచి తెచ్చుకున్న చేప కాపర్‌లాగే ఉన్నా దాని పిల్లల్లో నీలివి ఎందుకు వస్తున్నాయని అడిగినవారు ఉన్నారు. అది సింగిల్ కాపర్ అయి ఉండవచ్చు. రెండు సింగిల్ కాపర్లను కలిపితే పాతిక వంతు మాత్రమే కాపర్ వస్తుంది, సగం మళ్లీ సింగిల్‌గా, మిగిలిన పాతిక వంతు మామూలు స్టీల్‌గా పుడతాయి. కాపర్‌ను టర్కాయిస్‌తో జతకట్టిన వారి ఇళ్లలో పరిస్థితి ఇంకా కష్టం: మొదటి తరంలో ఒక్క కాపర్ కూడా కనిపించదు, ఆ తోబుట్టువులనే తిరిగి కలిపితే సగటున పదహారింటిలో ఒకటి మాత్రమే స్టీల్ పునాది, రెండు మెటాలిక్ ప్రతులు అనే రెండు షరతులనూ తీరుస్తుంది. కాబట్టి బయటి రక్తం అవసరమైనప్పుడు స్టీల్ బ్లూ చేపనే తెచ్చుకోవాలని, ఆ సంతానాన్ని మళ్లీ అసలు కాపర్‌తో జతకట్టి సగం కాపర్ పిల్లలు సాధించాలని కార్యవర్గం సూచించింది. ఎరుపు వంశాలతో కలపడాన్ని ప్రస్తుతానికి వద్దన్నాము. రెక్కల్లోకి, ముఖ్యంగా పొట్ట కింది రెక్కల్లోకి ఒకసారి దిగిన ఎరుపును వదిలించుకోవడానికి తరాలు పడుతుంది.

ఆడచేపల విషయంలో మన ప్రాంతపు పెంపకం ఇప్పటికీ వెనకబడే ఉందని నా అభిప్రాయం. మగచేప ఫొటో, పుట్టుక, ఖరీదు అన్నీ చెప్పగలిగిన సభ్యుడు దాని జత గురించి అడిగితే, అది షాపులో ఉన్న ఆడచేప అని ఊరుకుంటున్నారు. మెరుపు అంతగా పైకి కనబడకపోయినా సగం జన్యువులు ఆమెవే. ఈ ఏడాది నుంచి జత రిజిస్టరులో ఆడచేప వివరాలు లేని పుటను సంఘం ఆమోదించదు. దగ్గరి రక్తసంబంధంలోనే వరుసగా జతలు కట్టడం వల్ల గుడ్లు తగ్గడం, వెన్ను వంకర పోవడం వంటి లోపాలు బయటపడతాయి కనుక వేర్వేరు ఇళ్లలో వేర్వేరు వంశాలను నడిపి, అవసరమైనప్పుడు వాటి మధ్య చేపలను మార్చుకునే ఏర్పాటు చేశాము.

ప్రదర్శనలో న్యాయనిర్ణయం గురించి చర్చ వాడిగా జరిగింది. తక్కువ వెలుతురులో కాపర్ చేప చింతపండుతో తోమని రాగి చెంబులా మసకగా కనిపిస్తుంది. టార్చి వేస్తే బంగారంలా మెరుస్తుంది. పక్క నుంచి చూస్తే నీలి, ఊదా ఛాయలు తేలతాయి. ఫోను ఫ్లాషుతో తీసిన ఫొటోను చూసి కొన్నవారు చేప ఇంటికి వచ్చాక నిరుత్సాహపడటంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ఇకపై నల్లని వెనుక తెర ముందు, పై నుంచి తెల్లని దీపం కింద, ఫ్లాషు లేకుండా మాత్రమే చేపను పరిశీలించాలని నిర్ణయించాము.

మెరుపు ఎంత దట్టంగా ఉంటే అంత మంచిదన్న భావన మీద కూడా హెచ్చరిక అవసరం. తల దాకా మెరుపు పాకిన ఫుల్ మాస్క్ చేపలకు గిరాకీ ఉన్న మాట నిజమే. కానీ మెటాలిక్ వంశాల నుంచి వచ్చిన డ్రాగన్ రకాల్లో (ఒళ్లంతా దట్టమైన మెరుపు పొలుసులున్న చేపల్లో) ఆ పొర కొన్నిసార్లు వయసుతోపాటు కంటి మీదికీ పాకి చూపును కప్పేస్తుంది. దీనినే డైమండ్ ఐ అంటారు. అటువంటి చేపను ఎంత అందంగా ఉన్నా జతకు వాడకూడదని, ప్రదర్శనకు తీసుకురాకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పిల్లల పెంపకంలో మనకు కలిసివచ్చిన అంశం ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి. తీరంలోని రొయ్య హేచరీల పుణ్యమా అని దీని గుడ్ల డబ్బాలు మన జిల్లాల్లో సులభంగా దొరుకుతున్నాయి. గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదిగి, మరో రెండు మూడు రోజులకు పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టినప్పుడు తొలి ఆహారంగా ఇన్‌ఫ్యూజోరియాను (నీటిలోని సూక్ష్మజీవులను), ఆ తరువాత అప్పుడే పొదిగిన ఆర్టీమియాను ఇచ్చే పద్ధతిని సభ్యులు చాలావరకు అలవరచుకున్నారు. గాలి పీల్చే లాబిరింత్ అవయవం మూడు నాలుగు వారాల వయసులో రూపుదిద్దుకుంటుంది. ఆ సమయంలో నీటి మీది గాలి చల్లబడకుండా తొట్టి మీద మూత ఉంచాలని చలికాలం రాకముందే సందేశాలు పంపించాము. తొట్టి నీటిలో వేసే ఎండు బాదం ఆకులకు మనకు కొదవ లేదు. అయితే రోడ్డు పక్కన, పురుగుమందు కొట్టిన తోటల్లో రాలిన ఆకులు వాడవద్దని మరోసారి కోరుతున్నాను.

చేపల మధ్య పోట్లాటలు పెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పోట్లాటలు పెట్టడం, పందెం కాయడం మన నియమావళి ప్రకారం సభ్యత్వం రద్దు కావడానికి కారణం. రంగు కుదరని చేపలను కాలువల్లో, చెరువుల్లో వదలడం కూడా నిషిద్ధం. వాటిని కోరుకున్న ఇళ్లకు ఉచితంగా ఇచ్చే పట్టికను సంయుక్త కార్యదర్శి నిర్వహిస్తున్నారు.

ఆడిటరు పరిశీలించిన జమాఖర్చుల పత్రం ఈ నివేదికకు జతచేశాము. దాని మీద ప్రశ్నలకు కోశాధికారి సమాధానం ఇస్తారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ఒక్క తీర్మానాన్నే ప్రతిపాదిస్తోంది. సభ్యులు కాపర్ అన్న పేరుతో అమ్మే లేదా ఇచ్చే ప్రతి చేపతో తల్లిదండ్రుల వివరాలున్న చీటీ ఇవ్వాలి, సింగిల్ కాపర్‌ను ఆ పేరుతోనే ఇవ్వాలి, వివరాలు తెలియనప్పుడు తెలియదని రాయాలి. దీనివల్ల అమ్మకాలు తగ్గుతాయన్న అభ్యంతరం కొందరు సభ్యుల నుంచి ఇప్పటికే వచ్చింది కనుక ఉభయ పక్షాల వాదనలు విన్న తరువాతే దీనిని ఓటుకు పెట్టవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

కార్యదర్శి