పదకొండు బొటనవేళ్ళు

కావలి,
ఆదివారం పొద్దున.

చి. బుజ్జమ్మకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ క్షేమం తెలియజేయగలవు. ఇదేదో ఉత్తరాల్లో రాసే ఆనవాయితీ మాటేలే అని దాటిపోవద్దు. నిజంగానే తెలియజేయగలవు.

ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ ఉత్తరాల మీద ముద్దర్లు కొట్టాను గానీ సొంతానికి రాసింది తక్కువ. ఇన్‌లాండ్ కవరు కావాలంటే కౌంటర్లో కుర్రాడు నన్ను వింతగా చూశాడు. రిజిస్టర్ పోస్టు కూడా ఇప్పుడు విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. నా మనసుకి అది నచ్చలేదు, అయినా దాన్లోనే పంపుతున్నా. సంతకం పెట్టి తీసుకోవాలి. ఏ చేత్తో పెడతావో నీ ఇష్టం.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వంటింటి మూల మళ్ళీ కారుతోంది, మేస్త్రీ రేపొస్తా మాపొస్తా అంటున్నాడు. జామచెట్టు ఈసారి విరగకాసింది, సగం చిలకలకే సరిపోయింది. పొదలకూరు నుంచి రాగమ్మత్త గోనెసంచెడు నిమ్మకాయలు పంపించింది. అమ్మ ఊరగాయ పెట్టింది. నీ వాటా సీసా మూత గట్టిగా ఉంది, రెండు చేతులూ పెట్టి తిప్పితేగానీ రాదు. వదులు చేసి పంపమంటే చేస్తా. చెప్పు.

ఒంగోలు ప్రసాదు వాళ్ళ పెద్దాడు మొన్న చవితి నాడు వచ్చాడు. మీ ఊరి బస్టాండులో నిన్ను చూశాడట. కుడిచేతికి మణికట్టు దాకా తెల్లకట్టు ఉందట. ఏమైందని అడిగితే ‘బాత్రూం తలుపులో పడింది బావా’ అన్నావట. వాడికేం తెలుసు, నమ్మాడు. నేను మీ అమ్మకు చెప్పలేదు. రెండు నెలల నుంచీ నువ్వు ఫోన్ ఎత్తింది లేదు. మెసేజి పెడితే ఒక బొటనవేలి బొమ్మ పెడుతున్నావు. లెక్కపెట్టాను, పదకొండు. మీ అన్న పెట్టే గుడ్ మార్నింగు పూలకైనా కాస్త రంగుంటుంది. నీ పదకొండు వేళ్ళూ కుడిచేత్తో నొక్కినవా, ఎడమచేత్తోనా?

సరే, అది పక్కన పెడదాం. నేను రాయడం కూర్చున్నది అందుకు కాదు.

మీ అమ్మ సంగతి కొంచెం రాద్దామని. పోయిన వారం అటక సర్దుతుంటే ఆమె పాత పలక దొరికింది. 1991లో, పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు, నెల్లూరు జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. కలిగిరి అవతల ఒక ఊరికి ఈమె వాలంటీరు. జీతం లేదు, బస్సు ఛార్జీ కూడా మనదే. సాయంత్రం బస్సు దిగి రెండు మైళ్ళు నడక. పద్ధెనిమిది మంది ఆడవాళ్ళు, ఒక లాంతరు. కూలికిపోయి వచ్చి, చేతులకు మట్టి వదలకుండానే పలక పట్టుకునేవాళ్ళు. వాచకంలో సారా మీద ఒక పాఠం వచ్చింది. చదవడం ఆపేసి మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఇక నా భోజనం రాత్రి పదకొండింటికే. ఆ ఏడాది తిరిగేసరికి దూబగుంట ఆడవాళ్ళు, మన రోశమ్మ వాళ్ళు, సారాకొట్టు మూయించడం, అది పక్కూళ్ళకు పాకడం నీకు తెలిసిందే. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రంలో సారా బందైంది. మీ అమ్మ దాన్ని గురించి ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. ‘నేను అ ఆలు నేర్పాను, మిగతాది వాళ్ళు నేర్చుకున్నారు’ అంటుంది. నేను మాత్రం పోస్టాఫీసులో నలుగురికీ చెప్పుకున్నా.

తర్వాత కుటుంబ సలహా కేంద్రంలో చేరింది. నెలనెలా గౌరవ వేతనం అనేవాళ్ళు. గౌరవం నెలనెలా వచ్చేది, వేతనం ఎప్పుడో వచ్చేది. మొగుడూ పెళ్ళాలను కలిపి కూర్చోబెట్టకముందే విడివిడిగా వినాలని, ఎవరు వచ్చినా ముందు మంచినీళ్ళు ఇచ్చి ‘తిన్నావా’ అని అడగాలని, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి చదివి వినిపించి సంతకం తీసుకోవాలని ఆమె పద్ధతి. నీకివన్నీ ఎమ్మెస్‌డబ్ల్యూలో, ఆ సోషల్ వర్కు చదువులో, చెప్పే ఉంటారు.

2001 నవంబరు గుర్తుందా? నీకు ఆరేళ్ళు, ఎక్కడ గుర్తుంటుంది. వాన, కరెంటు లేదు. రాత్రి తొమ్మిది దాటాక తలుపు కొట్టారు. ఒకమ్మాయి, చంకలో మూడేళ్ళ పిల్ల, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పై పెదవి చీలింది. మీ అమ్మ ఏమైందని అడగలేదు. తువ్వాలు ఇచ్చింది, చారు వేడి చేసి అన్నం పెట్టింది, నీ గౌను ఒకటి ఆ పిల్లకు తొడిగింది. పసుప్పచ్చది, జేబు మీద బాతు ఉండేది. దానికోసం నువ్వు పొద్దున్నే లేచి చేసిన గోల నాకు గుర్తు. తెల్లారాక నోటుపుస్తకం తీసి రాసుకుంది. ఆ అమ్మాయి అడిగింది ఒకటే. ‘నా కుట్టు మిషను అత్తగారింట్లో ఉందక్కా, అది తెచ్చివ్వండి, నా బతుకు నేను బతుకుతా.’

శుక్రవారం అది. సోమవారం దాకా ఆగు, కానిస్టేబుల్ని తీసుకుని పోదువుగాని అన్నాను. నా మాట ఎప్పుడు విన్నది గనక! ‘మంచిగా మాట్లాడితే ఇస్తారులెండి’ అని రిక్షా మాట్లాడుకుని పోయింది. మాట్లాడింది కూడా. అత్తగారు కాఫీ ఇస్తానందట. ఈమె ద్వారబంధం మీద చెయ్యి ఆనించి నిలబడి మాట్లాడుతుంటే, లోపల్నుంచి ఆ అమ్మాయి బావగారు వచ్చి తలుపేశాడు. రెండు రెక్కల టేకు తలుపు. అదాటున పడిందన్నారు తర్వాత. అదాటున పడ్డ తలుపుకి గడియ ఎలా పడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను ఆ సాయంత్రం లెక్కలు కట్టి ఆస్పత్రికి పోయేసరికి చీకటి పడింది. నువ్వు స్కూలు గేటు దగ్గరే ఉన్నావు. ఆమె నేను తెస్తాననుకుంది, నేను ఆమె తెస్తుందనుకున్నాను. ఆయా తన టిఫినుడబ్బాలో మిగిలిన అన్నం నీకు పెట్టి పక్కన కూర్చుని ఉంది. దాన్ని తలుచుకుంటే నాకు తలుపు కన్నా ఎక్కువ నొప్పి.

వారం తర్వాత కానిస్టేబులూ ఇద్దరు పెద్దమనుషులూ వెళ్ళి మిషను తెచ్చారు. కసికొద్దీ బెల్టు కోసేసి ఇచ్చారు. ట్రంకురోడ్డు మీద తోలుబెల్టు కొని నేనే వేయించాను. ఆరు నెలలకు ఆ అమ్మాయి మళ్ళీ మొగుడి దగ్గరికే పోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇందుకా వేళ్ళు విరగ్గొట్టుకున్నావు అన్నాను. మీ అమ్మ కూర తరుగుతోంది, తలెత్తలేదు. ‘ఈసారి మిషనుతో పోయింది కదండీ’ అంది.

ఆ ఉంగరం వేలు అప్పట్నుంచే వంకర. ఉంగరం చిటికెన వేలికి మార్చింది అందుకే. నువ్వడిగితే బావి గిలకలో పడిందని చెప్పాం. ఏడాదిపాటు నువ్వు బావి దగ్గరికే పోలేదు. మీ తాతకూ అదే చెప్పాం, పాపం ఆయన పోయేదాకా ఆ గిలకను తిట్టుకుంటూనే ఉన్నాడు. కాబట్టి తల్లీ, బాత్రూం తలుపు కథ ప్రసాదు కొడుక్కి చెప్పుకో. ఆ గిలక కథ అల్లింది నేనే.

లెక్చరు ఇవ్వకూడదనుకున్నాను. రెండు ముక్కలు మాత్రం. మీ అమ్మ కాలంలో గృహహింస మీద విడిగా చట్టం లేదు. 2005లో గృహహింస చట్టం చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమలు. రక్షణ అధికారి ఉంది. డీఐఆర్, అంటే జరిగిన హింస మీద నివేదిక, రాయొచ్చు. పందొమ్మిదో సెక్షన్ కింద స్త్రీధనం తిరిగి ఇమ్మని మేజిస్ట్రేటు ఆర్డరు వేయొచ్చు, దాని అమలుకు స్టేషన్ ఆఫీసరు సాయం చేయాలని కూడా చెప్పొచ్చు. ఇవన్నీ నాకెందుకంటావా? రిటైరయ్యాక పొద్దుపోక చదివాను. ఇన్ని ఉండగా నువ్వు బీరువా కోసమో టీవీ కోసమో ఒక్కదానివే ఎవరింటికో పోవడమేమిటి? పోయావని నేనంటం లేదు. పోయి ఉంటే అంటున్నా. పోయినా గడప ఇవతల నిలబడాలి, ద్వారబంధం మీద చెయ్యి పెట్టకూడదు.

అమ్మ గదిలో దుర్గాబాయమ్మ, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఫొటో చూశావుగా. 1923లో కాకినాడ కాంగ్రెసు అప్పుడు ఖద్దరు ఎగ్జిబిషను గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపింది. పద్నాలుగేళ్ళ పిల్ల. నిర్వాహకులు టిక్కెట్టు కొన్నాకే వదిలింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయింది తర్వాత సంగతి. ఆ పిల్ల నెహ్రూనే ఆపగలిగితే, ముప్పై ఏళ్ళు వచ్చిన నువ్వు మీ పైఆఫీసరుకి ‘పోలీసు తోడు లేకుండా నేను పోను సార్’ అని చెప్పలేవా? మేడమ్ అయితే మేడమ్ అను.

మాని పొమ్మనను. మీ అమ్మనే అనలేకపోయాను.

రాత్రిపూట నువ్వు పనిచేసే సెంటర్లోనే పడుకుంటున్నావని కూడా విన్నాను. ఎవరి ద్వారా అని అడగొద్దు. దుప్పటి ఉందా? బస్టాండు దగ్గర ఇడ్లీ తిని పడుకోవద్దు, ఆ చట్నీలో కొబ్బరి పొద్దుటిది. ఎక్సరే తీయించావా, ఊరికే కట్టు కట్టించావా? ఎముకల డాక్టరుకే చూపించు. అమ్మ వేళ్ళు పుత్తూరు కట్టుతో సరిపోతాయనుకుని మేం పదిరోజులు పోగొట్టాం, అందుకే అలా అతుక్కున్నాయి. వేళ్ళు మెల్లగా ముడిచి తెరుస్తూ ఉండు, అదీ డాక్టరు చెప్తేనే.

జవాబు ఎడమచేత్తో రాసినా సరే. కోడిగీతలైనా చదువుకుంటాను, నా సర్వీసంతా అడ్రసులు చదవడమే. బొటనవేలు మాత్రం వద్దు.

ఇట్లు,
మీ నాన్న.

తా.క.: పార్సిలు కట్టి దారం కోసం లోపలికి పోయి వచ్చేసరికి మీ అమ్మ దాన్ని విప్పేసింది. ఊరగాయ సీసా మూత వదులు చేసి, పైన పాలిథిన్ కాగితం చుట్టి మళ్ళీ కడుతోంది. పక్కన క్రేపు బ్యాండేజీ చుట్ట కూడా పెట్టింది. నేనేమీ చెప్పలేదు. ఆమె ఏమీ అడగలేదు.