వారానికో రోజు, ఊరికో సంత

ఒరేయ్ సుధాకరూ,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, చిన్నదానికి పళ్ళు ఊడుతున్నాయి, ఇంటి పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పకపోతే కడుపు ఉబ్బి పోయేలా ఉన్నాను.

ఈ ఏడు మొదటి సంవత్సరం పిల్లలకు మానవ భూగోళశాస్త్రం నాకు అంటగట్టారు. మన గుండ్రాయి మాస్టారి పాఠమే! ఆయన నోట్సు, నీ నిద్ర, నా తొడపాశం గుర్తున్నాయా? అందులో కేంద్ర స్థలాల సిద్ధాంతం ఒకటుంది, అంటే చుట్టుపక్కల ఊళ్ళకు సరుకులు అందించే పట్టణాలు ఎక్కడెక్కడ వెలుస్తాయో చెప్పేది. వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ 1933లో దక్షిణ జర్మనీ పట్టణాలను చూసి రాసింది. ఏ సరుకుకైనా రెండు లెక్కలంటాడు. కొట్టు నిలబడడానికి కనీసం ఎంత గిరాకీ కావాలి? దానికోసం జనం ఎంత దూరం నుంచి వస్తారు? ఉప్పుకు వీధి చివరిదాకా వెళ్తాం, బంగారానికి పట్నం వెళ్తాం. అందుకే ఉప్పు ఊరూరా దొరుకుతుంది, బంగారం దొరకదు. ఒక్కో పట్టణం చుట్టూ జనం వచ్చే మేరకు వలయాలు గీస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయని ఆరు భుజాల గళ్ళు గీశాడు. బోర్డు మీద నేనూ గీస్తే పిల్లలు తేనెపట్టు అనుకున్నారు.

సరే. సంత రోజున ఎండుచేపల కోసం వెళ్ళాను (ముక్కు మూసుకోకు). పట్టా పరిచి నెత్తళ్ళు ఒక గుట్ట, రొయ్యలు ఒక గుట్ట పోసుకుని, ఒక పెద్దాయన ఆశీలు వసూలు చేసేవాడితో చీటీ డబ్బుల గురించి గొడవ పడుతున్నాడు. అది చల్లారాక అడిగాను, ‘ఇన్నేళ్ళుగా వస్తున్నారు, ఇక్కడే కొట్టు పెట్టుకోవచ్చు కదా?’ అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ‘ఈ ఊరికి ఎండుచేపలు వారానికి ఒకసారి చాలు బాబూ. నాకు అన్నం రోజూ కావాలి కదా’ అన్నాడు.

ఒళ్ళు ఝల్లుమంది రా! కొరియా సంతల మీద 1962లో జేమ్స్ స్టైన్ అనే భూగోళ శాస్త్రవేత్త రాసింది అచ్చం ఇదే. బతకడానికి సరిపడా గిరాకీ ఉన్న మేర, జనం రాగల దూరాన్ని మించిపోతే వర్తకుడు ఒకచోట కూర్చోలేడు. తానే తిరిగి, ఊరూరి గిరాకీని కొంచెం కొంచెంగా ఏరుకోవాలి. అక్కడ ఐదు రోజులకోసారి సంత, మనకు ఏడు రోజులకు.

పెద్దాయన వారంలో ఏ రోజు ఏ ఊరి సంతకు వెళ్తాడో అడిగి, అక్కడే ఒక కాగితం మీద రాసుకున్నాను. పక్కపక్క ఊళ్ళ సంతలు ఒక్క రోజున పడవు! ఏ కలెక్టరూ వేసిన పట్టిక కాదది. చైనాలోని సిచువాన్ సంతలను చూసిన విలియం స్కిన్నర్ అనే మానవ శాస్త్రవేత్త కూడా ఇదే చూపించాడు. పది రోజుల చక్రంలో ఒక ఊరి సంత 1, 4, 7 తేదీల్లో పడితే పక్క ఊరిది 2, 5, 8. పైగా పెళ్ళి సంబంధాలు కూడా ఎక్కువగా ఒకే సంతకు వచ్చే ఊళ్ళ మధ్యే కుదిరేవట. ఇంటికొచ్చి మా మేనత్తల అత్తవారి ఊళ్ళు లెక్క వేశాను. ఒక్కటి తప్ప అన్నీ ఈ సంత చుట్టుపక్కలే. ఆ ఒక్కటీ ఎవరిదో నీకు తెలుసు, ఇక్కడ రాయను.

అన్నట్టు క్రిస్టాలర్ తర్వాతి కథ తెలిశాక మనసు పాడైంది. నాజీలు ఆక్రమించిన పోలండ్‌లో ఊళ్ళను తమకు నచ్చినట్టు తిరగ్గీసే ప్రణాళికల్లో పని చేశాడు. అంత అందమైన గళ్ళు, చివరికి జనాన్ని వెళ్ళగొట్టే పటానికి పనికొచ్చాయి. పిల్లలకు ఇది చెప్పాలా అని ఒక పూట ఆలోచించి, చెప్పాను.

మోటారు సైకిళ్ళు వచ్చాక జనం రాగల దూరం పెరిగింది. లెక్క ప్రకారం మన పెద్దాయన ఇప్పుడు ఒకచోట కొట్టు పెట్టగలగాలి. కానీ అదే బండెక్కి జనం పట్నం పోతున్నారు, సంత పలచబడుతోంది. మరి దీన్ని ఆ రెండు లెక్కల్లో ఎటు వేయాలో...

అదిగో, గంట కొట్టారు. వచ్చే సంతకు క్లాసంతటినీ తీసుకెళ్తున్నాను. ప్రిన్సిపాల్ గారికి ఇంకా చెప్పలేదు. ఉంటాను రా.

నీ,
శంకరం